మొదటి మినహాయింపు

స్కూటర్ తీసుకుని కాలేజీకి పోతానని వెళ్ళిన కూతురు స్కూటర్ లేకుండా ఇంటికి తిరిగొచ్చింది. మెట్లమీద ఆ చెప్పుల చప్పుడు వినగానే ఏదో జరిగిందని తల్లికి అర్థమైంది.

స్కూటర్ కోసం వెళ్ళడం రోజూ ఉండే తంతే. వాళ్ళు అద్దెకున్న మేడమీది వాటాకి మెట్లు తప్ప వాకిలి లేదు. అందుకని స్కూటర్ వెనక వీధిలో పెద్దమ్మ ఇంటి ఆవరణలో ఉంటుంది. కూతురు పొద్దున్నే నడిచి వెళ్ళి, పెద్దమ్మ ఇచ్చే కాఫీ తాగి, అట్నుంచటే కాలేజీకి పోతుంది. మధ్యలో ఇంటికి రావడం ఎప్పుడూ లేదు.

ఆమె మధ్యాహ్నం భోజనం డబ్బాలకి మూతలు బిగిస్తోంది. భర్త యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు. అతను స్కూలు బస్సు డ్రైవరు. ఎంత ఇరుకు సందులోనైనా బస్సు తిప్పగలడు గాని, సొంత చొక్కా చేతుల్లో చెయ్యి దూర్చడానికి మాత్రం తంటాలు పడతాడు.

"ఏం, మీ పెద్దమ్మ ఇవాళ కాఫీ ఇవ్వలేదా?" అన్నాడు.

కూతురు తండ్రి వైపు చూడలేదు. "అమ్మా, పెద్దమ్మ నిన్ను ఒత్తిడి చేసిందా?"

"ఒత్తిడేమిటి?"

"నాకేం తెలుసు? గోడమీద అతికించారు."

ఫోన్ తీసి ఫోటో చూపించింది. తమ ఖాళీ స్థలానికి ఆనుకున్న అక్క ఇంటి ప్రహరీ గోడమీద నోటీసు. దానికింద తమ ఇంటికోసం ఆమె గీసిన ప్లాను. అది అతికిస్తారని ఆమెకు తెలుసు. ఇల్లు కట్టడానికి నిబంధనల నుంచి మినహాయింపు ఎవరడిగినా, ఇరుగుపొరుగు చూసేట్టు ప్లాను గోడకెక్కాల్సిందే. కానీ ప్లాను పక్కన ఇంకో కాగితం ఉంది. కారణాల కాగితం. అది ఇన్నాళ్ళూ ఫైల్లోనే ఉండేది. ఈ మధ్య పురపాలక కమిటీ పద్ధతి మార్చింది. అందరి ఇళ్ళకీ ప్లాన్లు గీసిపెట్టే ఆమెకే ఆ సంగతి తెలియలేదు.

'పక్క స్థల యజమాని ఒత్తిడి మేరకు స్థలంలో కొంత భాగం వదులుకోవలసి వచ్చినందున...'

ముత్యాల్లాంటి అక్షరాలు. ఆమె దస్తూరే.

"పెద్దమ్మ చూసిందా?"

"కళ్ళజోడు లోపల మర్చిపోయిందట. నన్ను చదివిపెట్టమంది." కూతురు ఫోన్ వెనక్కి తీసుకుంది. "సగంలో ఆపేశాను. పూర్తిగా చదువు అంది. చదివాను. విని లోపలికెళ్ళిపోయింది. స్కూటర్ తియ్యాలనిపించలేదు నాకు."

భర్త గుండీ వదిలేశాడు. కుక్కర్ ఒక్కటే మాట్లాడింది.

ఆ మాట కాగితం మీదికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ స్థలం కథ తెలియాలి. ఆమె తండ్రి పోయేముందు ఉన్నదాన్ని ఇద్దరు కూతుళ్ళకీ పంచాడు. పాత ఇల్లు పెద్దదానికి, పక్కనున్న ఖాళీ స్థలం చిన్నదానికి. అప్పటికి ఆ స్థలం ఇల్లు కట్టుకోవడానికి సరిగ్గా సరిపోయేది. తర్వాత తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చక్రాల కుర్చీ వచ్చింది. పాత ఇంటికి ముందు మెట్లు, పక్కన మనిషి ఒత్తిగిలి నడవాల్సినంత సందు. కుర్చీ బయటికి రావాలంటే ర్యాంపు కావాలి, ర్యాంపుకి చోటు కావాలి. చిన్నది ముందుకొచ్చింది. తన స్థలంలో పొడవునా ఒక పట్టీ కోసి అక్క పేర రిజిస్టరు చేసిచ్చింది. అలాంటి చెల్లెలు ఎవరికుంటుందని బంధువులంతా చెప్పుకున్నారు.

పట్టీ పోయాక స్థలం వెడల్పు నిబంధనకి చాలకుండా పోయింది. ఆ సంగతి ఆమెకు ఆ రోజే తెలుసు. కట్టేది ఎప్పటి మాటో కదా అనుకుంది. తల్లి కిందటేడు పోయింది. ఇప్పుడు ఇంటి యజమాని కొడుక్కి పెళ్ళి కుదిరింది, వేసవిలోపు వాటా ఖాళీ చెయ్యమన్నాడు. ఊరందరికీ ఇళ్ళు గీసిన మనిషి పెళ్ళయినప్పట్నుంచీ అట్టపెట్టెల మధ్యే కాపురం చేస్తోంది. కొన్ని పెట్టెలు ఒక అద్దింట్లో కట్టి, మరో అద్దింట్లో విప్పకుండానే ఇంకో అద్దింటికి మోశారు. ఇంక మొయ్యలేనని చెప్పింది. కడదామన్నారు.

తీరా గీసి చూస్తే, రెండు పక్కలా వదలాల్సిన ఖాళీ వదిలాక మధ్యలో మిగిలింది ఇల్లు కాదు, నడవా. "నా బస్సు నిలబెట్టుకుందాం టేపమ్మా, సీట్లు కూడా ఉంటాయి" అన్నాడు భర్త. ప్రతిదాన్నీ కంటితోనే కొలిచేస్తుందని ఆమెకు అతను పెట్టిన పేరు అది.

మిగిలింది ఒకటే దారి. ఒక పక్క ఖాళీ తగ్గించుకోనివ్వమని కమిటీని మినహాయింపు అడగాలి. వాళ్ళు అందర్నీ అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ ఇబ్బంది మీరు తెచ్చిపెట్టుకున్నదా? అవునన్నారో, ఫైలు మూసేస్తారు. వాళ్ళ భాషలో దాన్ని స్వయంకృతం అంటారు.

ఆమె పనిచేసే ఆఫీసు ఇంజినీరుగారు ఆ సంగతి బాగా ఎరిగినవాడు. "ఒత్తిడి అని రాయమ్మా. ఒక్క మాటతో అయిపోతుంది. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాసింది.

నోటీసు ఫోటో చూసిన ఆ రోజు ఆఫీసులో ఆమె గీసిన గీతలు ఒక్కటీ తిన్నగా రాలేదు. ఎవరిదో వంటగదిలో తలుపు గీసి, అది గోడలోకి తెరుచుకుంటోందని ఇంజినీరుగారు చెప్తే గాని చూసుకోలేదు. పొద్దు వాలకముందే పనయిందనిపించి అక్క ఇంటికి నడిచింది.

నోటీసు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆమెను చూసి పలకరింపుగా నవ్వి, జాలిగా తలాడించి వెళ్ళిపోయారు. ఆ జాలి తనమీద. అంటే లోపలున్న మనిషి మీద ఏముందో వేరే చెప్పనక్కర్లేదు.

అక్క బట్టలు కుడుతుంది. ముందు గదిలో మిషను, దాని చుట్టూ బడిపిల్లల యూనిఫాంల గుట్టలు. కత్తెర మొనతో ఏదో లాగు కుట్లు విప్పుతోంది. తలెత్తలేదు.

"చెప్పులు అక్కడే విడిచి రా. ఇప్పుడే ఊడ్చాను."

"అక్కా, ఆ నోటీసు..."

"చదివించుకున్నాను. నీ కూతురు శుభ్రంగా చదువుతుందే. ఒత్తిడిలో ఒత్తు కూడా మింగలేదు."

ఆమె గోడకానుకుని నిలబడింది. పొద్దుట్నుంచీ కూర్చుకున్న మాటలన్నీ ఒక్క దెబ్బకి ఎటో పోయాయి. అది ఆఫీసు భాష అనీ, అలా రాయకపోతే ఫైలు ముందుకు కదలదనీ, బయట అతికిస్తారని తెలియదనీ ఏదో చెప్పింది. అక్క అంతా వింది. కుట్లు విప్పుతూనే ఉంది.

"నేనెప్పుడన్నా అడిగానా ఆ స్థలం?"

"లేదు."

"ఒత్తిడి చేశానా?"

"లేదక్కా."

"పొద్దున ఒకాయన ప్యాంటు పొట్టి చేయించుకోడానికొచ్చాడు. గోడ చదివి లోపలికొచ్చాడు. కొలతలు తీస్తుంటే నా చేతుల్నే చూస్తున్నాడు. చెల్లెలి భూమి లాక్కున్న చేతులు ఎలా ఉంటాయో చూద్దామని కాబోలు."

ఆమెకు ఏడుపు రావలసిన చోట విసుగొచ్చింది. రోజంతా మోసిన అలసటే అలా బయటపడింది. "నేను ఇచ్చింది నిజమే కదక్కా. ఆ పట్టీ ఉండుంటే నాకీ తిప్పలు లేవు. నేను స్థలమే వదులుకున్నాను. నువ్వొక్క మాట పడితే ఏం పోయింది?"

అక్క కత్తెర కింద పెట్టింది. లాగు మడిచింది. అప్పుడు చూసింది చెల్లెలి మొహంలోకి.

"ఎందుకిచ్చావు?"

"అమ్మ కోసం."

"అమ్మ కోసం నేను చేశాను. నువ్వు ఇచ్చావు. అవి రెండూ ఒకటి కావు." గొంతు పెరగలేదు. లెక్క చెప్తున్నట్టుంది. "నీ కాగితం రిజిస్టరైన మర్నాటినుంచి నువ్వు ఈ ఇంటికి చుట్టానివైపోయావు. వచ్చేదానివి, అమ్మ చెయ్యి పట్టుకునేదానివి, పొద్దుపోతోందని లేచేదానివి. నేనేమనను? స్థలమిచ్చిన చెల్లెల్ని నాలుగు రాత్రులు అమ్మ దగ్గర పడుకోవే అని ఏ నోటితో అడగను? ఎవరితోనన్నా చెప్పుకుందామంటే, అంత మంచి చెల్లెలి మీదా అనేవాళ్ళు. నా నోరు కట్టేసింది ఆ పట్టీ."

బయట ఎవరో స్కూటర్ ఆపి, నోటీసు చదివి, మళ్ళీ స్టార్టు చేసుకుని పోయారు.

"మినహాయింపు తీసుకోవడం నీకిది మొదటిసారి కాదే చిట్టీ. మొదటిది నా దగ్గరే తీసుకున్నావు. ఈసారి కమిటీని అడుగుతున్నావు, అంతే తేడా."

చిన్నప్పటిలా చిట్టీ అన్న పిలుపు ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కోసింది. ఏదో అనబోయి, గుమ్మం దగ్గరికి నడిచింది. వెనకనుంచి అక్క మాట వినిపించింది.

"కమిటీ విచారణ రోజు నేనూ వస్తాను. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోవచ్చని కింద రాశారుగా."

ఇంటికొచ్చేసరికి భర్త డబ్బాలు తోముతున్నాడు. ఆమె వంటింటి గడపమీద కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. అక్క అడ్డం చెప్తే ఇల్లు లేదు. వేసవికి మళ్ళీ పెట్టెలు. అదీ చెప్పింది. తర్వాత అడిగింది, "అక్క అన్నది అబద్ధమే కదా?"

అతను వెంటనే జవాబు చెప్పే మనిషి. ఈసారి ఒక డబ్బా తోమి, కడిగి, బోర్లించి, ఇంకోటి తీసుకున్నాడు.

"మీ అమ్మ పడ్డప్పట్నుంచీ నువ్వు నిద్రలో కలవరించేదానివి. వెళ్ళాలి, వెళ్ళాలి అని. రిజిస్ట్రేషనైన రోజు ఇంటికొచ్చి హాయిగా పడుకున్నావు. ఆ తర్వాత కలవరింతల్లేవు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"నేనూ హాయిగా పడుకున్నా టేపమ్మా. నాకు మాత్రం ఏం పట్టింది?"

ఆమె గడపమీంచి లేవలేదు. కూతురు గదిలోంచి వచ్చి పక్కన కూర్చుని, తల్లి భుజం మీద తల ఆనించింది. ఆ పిల్లకి తల్లి మీద కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఆనించింది.

విచారణ రోజు రానే వచ్చింది. పురపాలక కార్యాలయంలో పొడుగాటి హాలు, పైన చప్పుడు చేస్తూ తిరిగే ఫ్యాన్లు, గోడవారన బెంచీలు. ఎదురుగా ఎత్తు మీద కమిటీ. మధ్యలో అధ్యక్షురాలు, ఈ చివర ప్లానింగు అధికారి. అక్క వెనక బెంచీలో కూర్చుంది. ఒళ్ళో సంచి, అందులో గుండీలు కుట్టాల్సిన యూనిఫాం ఒకటి. ఖాళీగా కూర్చోవడం ఆవిడకి చేతకాదు.

ముందు ఒక పెద్దమనిషి వంతు. ఆయన ఇంటి మెట్లు వీధిలోకి వచ్చాయట. "నా మెట్లు రోడ్డుమీదికి రాలేదండీ. రోడ్డే వెడల్పయి నా మెట్ల దగ్గరికొచ్చింది" అని వాదించాడు.

"అయితే రోడ్డుకి నోటీసు పంపిస్తాం" అంది అధ్యక్షురాలు నవ్వకుండా. ఫైలు మూసేసింది.

ఆమె వంతు వచ్చింది. ఇంజినీరుగారు పక్కనే నిలబడి ప్లాను పరిచాడు. అధ్యక్షురాలు కారణాల కాగితం చదివింది. ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది.

"పక్క స్థల యజమాని ఒత్తిడి మేరకు అని రాశారు. ఆ యజమాని ఎవరు?"

"మా అక్కండి."

"ఎలాంటి ఒత్తిడి? కాస్త వివరంగా చెప్పండి."

ఏం చెప్పాలో ఇంజినీరుగారు దారి పొడుగునా నూరిపోశాడు. అమ్మ జబ్బు, కుటుంబంలో పెద్దల మాట, కాదనలేని పరిస్థితి. అవన్నీ నాలుక చివరే ఉన్నాయి. అవి అనేస్తే చాలు, ఇల్లు. వేసవికి పెట్టెలు విప్పుకోవచ్చు. వెనక బెంచీలో అక్క సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఒకసారికి ఎక్కలేదు. రెండోసారికీ ఎక్కలేదు.

"ఒత్తిడి లేదండి," అంది ఆమె. "ఆ మాట కొట్టెయ్యండి. ఆవిడ అడగలేదు. నేనే ఇచ్చాను."

ఇంజినీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఇస్తే స్థలం చాలదని మీకు తెలియదా? మీరు ప్లాన్లు గీసేవారు కదా."

"తెలుసండి. తెలిసే ఇచ్చాను. నాకప్పుడు వేరే అవసరం ఉంది."

"ఏమిటది?"

"మా అమ్మకి చెయ్యాల్సింది చెయ్యకుండా తప్పుకోవాలి. అందుకిచ్చాను." అని తల దించుకుంది.

అధ్యక్షురాలు కలం మూత తీసింది. ఆవిడ మొహంలో కాఠిన్యమేమీ లేదు, విచారమే ఉంది. "అయితే నిబంధన ప్రకారం ఇది స్వయంకృతం. నేనేం చెయ్యలేనమ్మా."

"ఒక్క మాట."

అందరూ వెనక్కి తిరిగారు. అక్క లేచి నిలబడింది. సూది జాకెట్టుకి గుచ్చుకుంది.

"మీరెవరు?"

"ఒత్తిడి చేసినదాన్ని."

బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షురాలు చెయ్యెత్తింది. "అభ్యంతరం చెప్తారా?"

"చెప్దామనే వచ్చాను. నా అభ్యంతరం ఆ కాగితం మీద, దాని ఇంటి మీద కాదు. ఆ మాట అదే కొట్టేయించింది. ఇంక నాకేం లేదు." కూర్చోబోయి ఆగింది. "కానీ స్వయంకృతమంటే ఎలాగండి? దానికి అవసరముంది, ఇచ్చింది. నాకూ అవసరముంది, పుచ్చుకున్నాను. ర్యాంపు కట్టుకున్నాను. ఇద్దరం కలిసి చేసింది దాని ఒక్కదాని నెత్తిన రాస్తే న్యాయమా?"

అంతవరకూ ప్లాను మీదినుంచి చూపు తిప్పని ప్లానింగు అధికారి అప్పుడు నోరు విప్పాడు. "నాకొకటి అర్థం కావట్లేదు. ఆ ర్యాంపు పట్టీని ఉమ్మడి దారిగా చూపిస్తే పోయేదిగా. రెండిళ్ళకీ ఖాళీ కింద లెక్కకొస్తుంది. మినహాయింపు కూడా చాలా తగ్గిపోతుంది, ఇవ్వడానికి కమిటీకి ఇబ్బందుండదు. ఎందుకు చూపించలేదు?"

ఆమె చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయింది. ఉమ్మడి దారి. రెండు స్థలాల మధ్య చుక్కల గీత. అన్నదమ్ములకీ, బావ బావమరుదులకీ, ఎవరెవరికో తన చేత్తో గీసిచ్చింది. తన స్థలం దగ్గరికొచ్చేసరికి ఆ గీత చేతికి రానేలేదు. మర్చిపోయి కాదు. ఎందుకు రాలేదో ఆమె వైపు చూడకుండానే ఇంజినీరుగారు చెప్పేశాడు.

"దానికి పక్కవాళ్ళ సంతకం కావాలండి. వెళ్ళి అడగాలి."

అక్క చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చాలాకాలం ఈదొచ్చిన మనిషి గట్టు కనపడితే చూసే చూపు అది.

"అడగడానికి నా ఇంటికి రాలేక, ఇంతమంది దగ్గరికొచ్చావా?"

ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు. హాలంతా చూస్తోందని తెలుసు. "అడుగుతున్నానక్కా," అంది. "ఇప్పుడు అడుగుతున్నాను."

"పక్కవాళ్ళు ఇక్కడే ఉన్నారండి," అంది అక్క కమిటీతో. "సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఇవాళ కాదంది అధ్యక్షురాలు. ప్లాను మళ్ళీ గీసి తేవాలి, మళ్ళీ నోటీసు అతికించాలి, వచ్చే విచారణలో చూస్తారు. ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. మూసెయ్యబోయిన ఫైలుని మాత్రం పక్కన పెట్టింది. ఈసారి కారణాలు జాగ్రత్తగా రాయమని చెప్పి తర్వాతి వాళ్ళని పిలిచింది.

ఆ సాయంత్రం ఆమె టేపు పట్టుకుని అక్క ఇంటికెళ్ళింది. గోడమీద నోటీసు లేదు. కూతురు తడిగుడ్డతో రుద్ది పీకేసినట్టుంది, జిగురు మరకలు మిగిలాయి. స్కూటర్ ఎప్పటి చోటులోనే ఉంది.

టేపు రెండో కొస పట్టుకోమంటే అక్క మోకాలు పట్టుకుని మూలుగుతూ ర్యాంపు కొసకి నడిచింది. సిమెంటు మీద చక్రాల గీతలు ఇంకా నల్లగా ఉన్నాయి. ఆమె వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచింది. కొలత చూసి చేతిమీద రాసుకుంది.

"కట్టేదాకా ఎక్కడుంటారు?" అంది అక్క.

"చూడాలి. ఎక్కడో ఒక వాటా."

"అమ్మ గది ఖాళీగానే ఉందిగా. పెట్టెలు తెచ్చి పడెయ్యండి. మీ ఆయన్ని మాత్రం బస్సు ఇక్కడ పెట్టొద్దను."

ఆమె నవ్వబోయింది, నవ్వు పూర్తిగా రాలేదు. ఒళ్ళంతా నీరసంగా ఉంది. మళ్ళీ మొదట్నుంచీ గియ్యాలి. తలుపు ఇటు తిప్పాలి, మెట్లు అటు జరపాలి. ర్యాంపు వైపు చూసి, దీన్ని కొట్టేస్తే దారి చదునుగా అవుతుందేమో అంది, సగం తనలోనే.

"దాని జోలికి వెళ్ళకు. నా మోకాళ్ళు చూస్తున్నావుగా. రేపో మాపో ఆ కుర్చీ నాకే. తోసేది నువ్వే. ముందే చెప్తున్నా, ఈసారి మినహాయింపు లేదు."

ఆమె టేపు కొస వదల్లేదు. అటునుంచి అక్కా వదల్లేదు. ఇద్దరి మధ్యా అది బిగువుగా ఉంది.

"లేదక్కా. కావాలంటే రాసిస్తాను."

"నువ్వు రాయకు తల్లీ," అంది అక్క. "నువ్వు రాస్తే వీధంతా చదువుతుంది."

ఈసారి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ర్యాంపు మీద కూలబడి, తల్లి పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చింది. అక్క టేపు చుట్టుకుంటూ, చుట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.